అక్షరాల బేరం

అమెరికాలో డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లోని రామమోహనరావు గారింట్లో ఏ వస్తువు కొన్నా దాని అట్టపెట్టె పారెయ్యరు. మిక్సీ కొని ఏళ్లు గడిచినా దాని పెట్టె ఇంటి కింద బేస్‌మెంట్‌లో, ఒంటికి బిల్లు అంటించుకుని, ఎప్పుడు పిలుస్తారా అని ఎదురుచూస్తూ ఉంటుంది. రావుగారి దృష్టిలో కొనడమంటే వస్తువును ఇంటికి తెచ్చి పరీక్ష పెట్టడం. పాసైతే ఉంటుంది, తప్పితే వచ్చిన దారినే పోతుంది. ఓసారి ఏడాదిపాటు హాయిగా పడుకున్న పరుపును కారు మీద కట్టుకుని కాస్ట్‌కో దుకాణానికి తీసుకెళ్లి, వెన్నుకు సరిపడలేదని చెప్పి వెనక్కిచ్చి, ఆ డబ్బుతో అదే పరుపును సేల్‌లో కొనుక్కొచ్చారు. ఆ రోజు ఆయన పక్కన నిలబడలేక భార్య ప్రమోద పుచ్చకాయల దగ్గరికి వెళ్లిపోయి, ఒక్కో కాయనూ వేలితో కొట్టి చూస్తూ, ఆ పెద్దమనిషెవరో తనకు తెలియనట్టు గడిపింది.

అలాగని రావుగారు లేనివారేం కాదు. కార్ల కంపెనీలో తలుపుల విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా ఇంజనీరుగా చేశారు. తలుపు తీస్తే కిర్రుమనకూడదు, వేస్తే ధడేల్మనకూడదు, వాన చుక్క లోపలికి రాకూడదు. లోపం పట్టుకున్నందుకే ఆయనకు జీతం ఇచ్చేవారు. రిటైరయ్యాక ఆ విద్య మరిచిపోతానేమోనని దుకాణాల మీద సాధన చేస్తున్నారు, అంతే.

ప్రమోద డెట్రాయిట్‌లో పిల్లల డాక్టరుగా చేసి రిటైరైంది. ఆవిడ వ్యసనం వేరు. ఆవిడ రాస్తుంది.

ఇక్కడి తెలుగు సంఘం పత్రికలో ఇరవై ఏళ్లుగా తన దగ్గరికొచ్చిన పిల్లల గురించి రాస్తూనే ఉంది. ముక్కులో బఠాణీ పెట్టుకున్నవాడు, సూది చూసి డాక్టరుకే ధైర్యం చెప్పిన పిల్ల, బల్ల కింద దూరి బయటికి రావడానికి షరతులు పెట్టినవాడు. బాగా రాసేది. ఆ సంగతి ఆవిడకు తెలుసు, ఎందుకంటే రాస్తుంటే ఆవిడకే నవ్వొచ్చేది. ఇంకెవరికైనా వచ్చిందా అన్నది మాత్రం తెలిసేది కాదు. ఉగాది ఫంక్షన్‌లోనో పెళ్లి రిసెప్షన్‌లోనో ఎవరో ఎదురై, "ప్రమోద గారూ, మీ ఆర్టికల్ చూశానండీ. ఫొటో చాలా బాగుంది" అనేవారు. అందరూ ఫొటో దగ్గరే ఆగిపోయేవారు. ప్రమోద నవ్వి థాంక్స్ చెప్పి, ఇంటికొచ్చి కాసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఇంట్లోవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. కొడుకు విశాల్ టెక్సస్‌లో, ప్లేనోలో ఉంటాడు. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. "సమ్‌డే ట్రాన్స్‌లేట్ చేయిద్దాం అమ్మా" అంటాడు. ఇక మిగిలిన ఏకైక తెలుగు పాఠకుడు రావుగారు. "నాకు తెలియనివేముంటాయి ప్రమోదా, అన్నీ డిన్నర్ దగ్గర విన్నవేగా" అని కొట్టిపారేసేవారు. ఆయన ఎలా వినేవారంటే, టీవీ అడుగున పాకుతున్న స్టాకుల ధరలు చూస్తూ, మధ్యమధ్య "ఊఁ" అనేవారు. ఒక్కసారి చదవండి అని బతిమాలి చదివించుకునే రకం కాదు ప్రమోద. ఆవిడకు అభిమానం ఎక్కువ.

ఇలా ఉండగా శ్రీధర్ గారింట్లో సత్యనారాయణ వ్రతం భోజనాల దగ్గర, ఆయన భార్య రాధారాణి ఉన్నమాట అనేసింది. శ్రీధర్ గారే సంఘం పత్రికను కంప్యూటర్‌లో పేజీలు కట్టి అచ్చుకు పంపేది. ఆయన అక్కడే కూర్చుని పులిహోర తింటున్నారు.

"నిజం చెప్పనా ప్రమోదా? నువ్వు రాసింది చదువుదామనే కూర్చుంటాను. ఆ అక్షరాలు చూస్తే కళ్లు తిరుగుతాయి. పై లైను ఒత్తులొచ్చి కింది లైను నెత్తిన గుచ్చుకుంటాయి. రెండో పేరాకల్లా తలనొప్పి. మావారు ఫీలవుతారని ఎవరూ అనరు గానీ, ఆ పత్రిక ఎవరు చదవగలరు చెప్పు?"

శ్రీధర్ గారు పెరుగు కావాలంటూ లేచి వంటింట్లోకి వెళ్లారు. ప్రమోదకు మాత్రం ఇరవై ఏళ్ల బెంగకు ఒక్కసారిగా మందు దొరికినట్టయింది. తప్పు తన రాతది కాదన్నమాట! అక్షరాలది! ఇంటికొస్తూ కార్లోనే నిర్ణయం చెప్పింది. ఆ రాసినవన్నీ కలిపి పుస్తకం వేస్తుంది. పేరు 'చెవినొప్పి కథలు'. అందులో అక్షరాలు ఎంత బాగుండాలంటే, పుస్తకం తెరిచినవాళ్లు ఫొటో కోసం వెతుక్కోకుండా చదువుకుంటూ పోవాలి.

అన్నది గానీ, లోపల చిన్న భయం కూడా పట్టుకుంది. మంచి అక్షరాల్లో వేశాక కూడా ఎవరూ చదవకపోతే, ఇక నెపం వెయ్యడానికి ఎవరూ ఉండరు. రాసింది బాగాలేదని ఒప్పుకోవాలి. ఆ సంగతి ఆవిడ ఎవరితోనూ అనలేదు.

"ఆ పని నాకొదిలెయ్" అన్నారు రావుగారు. "ఫాంట్లే కదా. బడ్జెట్ నేను చూసుకుంటా."

ఆయన చూసుకున్న బడ్జెట్‌లో నలుగురికి పిజ్జా వస్తుంది, కూల్‌డ్రింకులు రావు.

మొదట ఉచితంగా దొరికేవాటి మీద పడ్డారు. ఉచిత తెలుగు ఫాంట్లలో మంచివి లేవని కాదు. ఆయన ఎంచే పద్ధతిలో మంచిది దొరికే వీల్లేదు. ప్రమోద పుస్తకంలోంచి మొట్టమొదటి వాక్యం ఒక్కటి తీసుకున్నారు, "ఆ రోజు పొద్దుటి నుంచీ మంచు కురుస్తోంది" అని. దొరికిన ప్రతి ఫాంట్‌లోనూ ఆ ఒక్క వాక్యాన్నే ప్రింట్ తీసి ఫ్రిజ్‌కు అంటించారు. ఫ్రిజ్ నిండా మంచు కురిసింది. రెండో వాక్యం ఏమిటో చూద్దామని ఆయనకు తోచనే లేదు. పాలు తీయడానికి వచ్చినప్పుడల్లా ప్రమోద ఒక్కోదాని ముందు ఆగి తీర్పు చెప్పేది.

"ఇది గుడి పార్కింగ్‌లో పెట్టిన బోర్డులా ఉంది. ఇది సీమంతం పిలుపు. ఇందులో సున్నాలన్నీ భోంచేసి పడుకున్నట్టున్నాయి. ఇది బాగుంది కానీ పైన పేరుకు బాగుంటుంది, పేజీ అంతా ఇదే ఉంటే నాకే ఆయాసం వస్తుంది."

"ఫ్రీగా వచ్చేదానికి ఇన్ని వంకలా?" అన్నారు రావుగారు.

"వంకలు పెట్టడం ఎవరి దగ్గర నేర్చుకున్నానంటారు?"

తర్వాత ఇంటర్నెట్‌లో ఒక ప్రకటన ఆయన కంటపడింది. అయిదు వందల ప్రీమియం ఫాంట్లు, ఒకే మూట, ఈ ఒక్కరోజే దాదాపు ఉచితం. కాస్ట్‌కోలో టిష్యూ పేపర్లు కొన్నట్టే కొనేశారు. మూట విప్పి చూస్తే అందులో తెలుగన్నది మచ్చుకైనా లేదు. అన్నీ ఇంగ్లిష్ పెళ్లికార్డుల మెలికలు, హాలోవీన్‌కు నెత్తురు కారే అక్షరాలు. వెంటనే వెనక్కి తీసుకోమని రాశారు. ఒకసారి దింపుకున్నవి వాపసు తీసుకోబోమని జవాబొచ్చింది. "నేను ఒక్కటీ వాడలేదు, కొత్తవి కొత్తగానే ఉన్నాయి" అని మళ్లీ రాశారు. ఉలుకూ పలుకూ లేదు. రిటర్న్ లేని వస్తువు ఈ దేశంలో ఉంటుందని ఆయనకు ఇన్నాళ్లకు తెలిసొచ్చింది. ఆ దెబ్బకు రెండ్రోజులు మనిషి నీరసపడిపోయారు.

అప్పుడు శ్రీధర్ గారు ఒక పెన్‌డ్రైవ్ తీసుకుని వచ్చారు. వ్రతం నాటి మాటకు ప్రాయశ్చిత్తం చేసుకుందామని కాబోలు.

"ఇండియా వెళ్లినప్పుడు ఒకతను కాపీ చేసిచ్చాడండీ. ప్రొఫెషనల్ ఫాంట్లన్నీ ఉన్నాయి ఇందులో. బయట కొంటే బోలెడు. మీకు ఫ్రీ."

రావుగారి చెయ్యి దానికదే ముందుకు సాగింది.

"వద్దు శ్రీధర్ గారూ" అంది ప్రమోద. "నేనెప్పుడైనా దొంగ మందులు రాసిచ్చానా? నా పుస్తకానికి దొంగ అక్షరాలు వద్దు."

రావుగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. శ్రీధర్ గారు కాఫీ తాగి, వెళ్తూ వెళ్తూ, "ఫొటో మాత్రం మంచిది పెట్టండి" అన్నారు.

ఆ వారాంతంలో రావుగారు కంప్యూటర్ ముందునుంచి కేకేశారు. "ఇదుగో, ఒకటుంది చూడు. చూడ్డానికేగా, డబ్బులక్కర్లేదు."

న్యూజెర్సీలో, పార్సిప్పనీలో ఉండే దేదీప్య అనే అమ్మాయి సొంత వెబ్‌సైట్ అది. ఆ అమ్మాయి గీసిన తెలుగు ఫాంట్ ఒక్కటే అందులో ఉంది. నమూనాగా ఒక పేజీ మొత్తం పెట్టింది. ప్రమోద కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది. ఒక లైను, తర్వాత ఇంకో లైను. ఒత్తులు తమ చోట తాము ఒదిగి కూర్చున్నాయి. లైనుకూ లైనుకూ మధ్య గాలి ఆడుతోంది. పేజీ అడుగుకు వచ్చాక గానీ ఆవిడకు తెలియలేదు, తాను అప్పటిదాకా చదివింది ఆ ఫాంట్ వాడుకునే నిబంధనలని. లాయర్లు కూడా చదవని సరుకు అది. ఆవిడ మెడ నొప్పెట్టేదాకా చదివేసింది.

"ఇదేనండీ" అంది.

రావుగారు ధర చూశారు. మంచులో కారుకు వేసే మంచి టైరు ఒకటి వస్తుంది దానికి.

"అక్షరాలకా! చిన్నప్పుడు ఫ్రీగా నేర్చుకున్నవి ప్రమోదా ఇవి!"

ఆవిడ మాట్లాడలేదు. ఆ మౌనం ఎంతకాలం ఉండగలదో రావుగారికి అనుభవమే. ఫోన్ తీసి, అక్కడున్న నంబరు నొక్కి, స్పీకర్‌లో పెట్టారు.

"హాయ్, దేదీప్య హియర్."

"అమ్మా, మీ ఫాంట్ చూశాం. మా ఆవిడ పుస్తకానికి కావాలి. సీనియర్ సిటిజన్ డిస్కౌంట్ ఏమన్నా ఉందా?"

"ఫాంట్‌కి సీనియర్ డిస్కౌంటా? నో అంకుల్."

"పోనీ, తెలుగు అసోసియేషన్ మెంబర్స్‌కి?"

"అంకుల్, కొనేది అందరూ తెలుగువాళ్లే."

ప్రమోద నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రావుగారు పట్టు విడవలేదు. "రెండు తీసుకుంటే?"

"రెండు ఎందుకు అంకుల్? ఒకటే బుక్ కదా. లావువి, సన్నవి, సెట్ అంతా కూడా మీకు వద్దు. రెగ్యులర్ ఒక్కటి తీసుకోండి. పైన హెడింగ్స్‌కి ఏదైనా ఫ్రీ ఫాంట్ వాడండి, పెద్దగా ఉంటాయి కాబట్టి ఓకే. లోపల చదివే లెటర్స్ మాత్రం మంచివి ఉండాలి. మనీ అక్కడ పెట్టండి."

తక్కువ కొనమని చెప్పే దుకాణదారును రావుగారు జన్మలో చూడలేదు. ఇందులో ఏదో మెలిక ఉందని ఆయనకు అనుమానం వచ్చింది. అసలు ప్రశ్న వేశారు.

"రిటర్న్ ఉందా అమ్మా?"

"డిఫెక్ట్ ఉంటే మనీ బ్యాక్ ఇస్తా అంకుల్. బట్ ఒక కండిషన్. వన్ పేజ్ చూసి చెప్పొద్దు. బుక్ మొత్తం ప్రింట్ తీసి, ప్రతి లైన్ చూడాలి. ఎక్కడైనా లెటర్స్ తగులుకుంటే, గ్యాప్ రాంగ్ ఉంటే, ఫొటో పంపండి. నా ఫాంట్‌తో ఎవరూ ఇంకా ఫుల్ బుక్ చెయ్యలేదు. నేను తెలుగు డ్రా చేస్తా కానీ, చదవడం చాలా స్లో. మీరు చూస్తే నాకు హెల్ప్. మనీ బ్యాక్ తీసుకుంటే మాత్రం ఫాంట్ డిలీట్ చెయ్యాలి."

"ప్రతి లైనూ చూడాలా?" రావుగారి మొహం వెలిగిపోయింది. "చూస్తానమ్మా. లోపం లేని వస్తువును నేనింతవరకూ చూళ్లేదు. ముందే చెబుతున్నా."

"థాంక్యూ అంకుల్!" అంది ఆ పిల్ల, తన మీదికి ఏం వస్తోందో తెలియక.

ఫోన్ పెట్టేశాక రావుగారు చేతులు రుద్దుకున్నారు. "చూశావా? కొంటాం, పేజీలు కడతాం, లోపం పట్టుకుంటాం, అచ్చుకు పంపేస్తాం. తర్వాత ఫాంట్ డిలీట్ చేసి డబ్బు వెనక్కి తీసుకుంటాం. రూల్ వాళ్లదేగా!"

ప్రమోద ఆయనకేసి చూసింది. "ఆ పిల్ల గీసుకున్న అక్షరాలతో పుస్తకం వేసుకుని, అక్షరాలు తిరిగిచ్చేస్తారా? ఇది పరుపు కాదండీ."

"లోపం లేకపోతే ఇవ్వనుగా!"

"మీకు దొరక్కపోవడమా!"

ఆవిడ లేచి వెళ్లిపోయింది. కోపం కంటే కష్టం ఎక్కువగా అనిపించింది. ఎవరైనా చదవాలని పుస్తకం వేసుకుంటుంటే, ఆ పుస్తకం ఈయన చేతిలో పడి ఒక ఫాంట్‌ను పరీక్షించే పరికరంగా మారింది. ఇంతకీ దాన్ని ప్రతి లైనూ చూడబోయే మొదటి మనిషి, లోపాల కోసం చూడబోతున్నాడు. తలుచుకుంటే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

రావుగారు అన్నంత పనీ చేశారు. పేజీలు కట్టడం నేర్చుకుని, పుస్తకమంతా ప్రింట్ తీసి, బేస్‌మెంట్‌లో అట్టపెట్టెల మధ్య బల్ల వేసుకుని కూర్చున్నారు. భూతద్దం, స్కేలు, ఎర్రపెన్ను. కార్ల తలుపుల మీద కూడా అంత సరంజామా వాడి ఉండరు. భోజనానికి పైకొచ్చినప్పుడు ప్రమోద అడిగేది.

"దొరికిందా?"

"ఇంకా లేదు. గట్టిగానే చేసింది పిల్ల. ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది."

మర్నాడు కూడా అడిగింది. "దొరికిందా?"

"ఊఁ?" అన్నారు ఆయన. చారు అన్నంలోనే చెయ్యి ఆగిపోయి ఉంది. ఎదురుగా టీవీలో స్టాకుల ధరలు పాకుతున్నాయి గానీ, ఆయన చూపు అటు లేదు. గబగబా తిని చెయ్యి కడుక్కుని మళ్లీ కిందికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ప్రమోద చిక్కుడుకాయలు ఈనె తీస్తుంటే, కిందనుంచి ఒక వింత చప్పుడు వచ్చింది. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ చెడిందేమో అనుకుంది ముందు. మళ్లీ వచ్చింది. అది నవ్వు. రావుగారు మామూలుగా ముక్కుతోనే నవ్వుతారు, దాన్ని నవ్వని పోల్చుకోవడానికి ప్రమోదకు పెళ్లయ్యాక కొన్నేళ్లు పట్టింది. ఇది అలాంటిది కాదు. గొంతులోంచి, ఆగకుండా వస్తోంది.

దొరికిందన్నమాట అనుకుంది. చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి, నాలుగు దులిపేద్దామని మెట్లు దిగింది.

రావుగారు తలెత్తలేదు. నవ్వుతూనే, "రెండో ముక్కులో కూడా ఉందా?" అన్నారు.

"ఏమిటి?"

"బఠాణీ! నువ్వు చెమటలు కక్కుకుంటూ కుడి ముక్కులోది తీసేసి, వాళ్లమ్మకు అప్పగించి, బయటిదాకా సాగనంపాక చెప్తాడా వెధవ, ఎడమ ముక్కులో ఇంకోటుందని! ఎందుకు ముందు చెప్పలేదంటే, నువ్వు అడగలేదన్నాడా! నాకెప్పుడూ చెప్పలేదేం ఇది?"

"చెప్పాను."

"ఎప్పుడు?"

"ఆ రోజే. డిన్నర్ దగ్గర."

రావుగారి నవ్వు ఆగింది. పేజీ వైపు చూశారు. ప్రమోద కూడా చూసింది. మొదట్లో పేజీ పేజీకీ ఎర్ర సున్నాలు, ప్రశ్నార్థకాలు ఉన్నాయి. రానురాను తగ్గిపోయాయి. చదివినంతలో చివరి పేజీల మీద ఒక్క గీతా లేదు. ఎర్రపెన్ను మూత పెట్టి పక్కన పడేసి ఉంది. భూతద్దం ఏదో అట్టపెట్టె మీద ఉంది.

ఆవిడ ఇంకేమీ అడగలేదు. పాలు తాగుతున్న పసిపిల్లను కదిలిస్తే మళ్లీ నోరు పెట్టదని ఆవిడకు తెలుసు. చప్పుడు చెయ్యకుండా పైకి వచ్చేసి, చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది. ఒక్క కాయా ఈనె తీయలేకపోయింది. చెవి మెట్ల మీదే ఉంది.

కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. రావుగారు చేతిలో ఒక కాగితం పట్టుకుని వచ్చారు. మొహం గంభీరంగా ఉంది.

"లోపం దొరికింది" అన్నారు.

ఊరికే ఆశపడ్డాను అనుకుంది ప్రమోద. "ఎక్కడ? ఒత్తు తగిలిందా?"

"ఒత్తులు బ్రహ్మాండంగా ఉన్నాయి. కథ ఆగిపోయింది ఇక్కడ." కాగితం బల్ల మీద పెట్టి వేలితో చూపించారు. "ఈ డెరిక్ గాడి కథ."

పుస్తకానికి పేరు తెచ్చిన కథ అది. ఏడేళ్ల డెరిక్ ప్రతి నెలా చెవినొప్పని వచ్చేవాడు. నానమ్మ బస్సులో తీసుకొచ్చేది. చెవిలో ఏమీ ఉండేది కాదు. వాడు వచ్చేది వెయిటింగ్ రూమ్‌లో గాజు తొట్టెలో ఉన్న ఎర్ర చేప కోసం. దానికి కెప్టెన్ అని పేరు పెట్టుకున్నాడు. ఒకసారి కెప్టెన్ చచ్చిపోతే, వీడు బాధపడతాడని నర్సులు అచ్చం అలాంటి చేపనే తెచ్చి వేశారు. డెరిక్ వచ్చి, చాలాసేపు తొట్టె ముందు నిలబడి, లోపలికొచ్చి డాక్టరు చెవిలో రహస్యంగా చెప్పాడు, దానికి నేనెవరో తెలియదు అని. కథ అక్కడితో అయిపోయింది.

"తరవాత?" అన్నారు రావుగారు.

"తరవాతేముంది. అంతే."

"అంతే ఏంటి! పిల్లాడంత మాటన్నాక నువ్వేదో ఒకటి చెప్పే ఉంటావుగా. ఏం చెప్పావు? కప్పిపుచ్చావా, ఒప్పుకున్నావా? వాడేమన్నాడు? నేను ఆత్రంగా పేజీ తిప్పితే, గవదబిళ్లలొచ్చిన కవల పిల్లలు తగిలారు. వాళ్లెవరిక్కావాలి ఇప్పుడు?"

ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. ప్రమోద ఆ కోపాన్ని కళ్లార్పకుండా చూసింది. ఇరవై ఏళ్లలో ఆవిడ రాసినదాని మీద ఎవరూ కోప్పడలేదు.

"రాశానండీ" అంది చివరికి. "తర్వాత కొట్టేశాను."

"ఎందుకు?"

"అక్కడిదాకా ఎవరు చదువుతార్లే అని."

రావుగారు కాసేపు కాగితం అంచు సరిచేస్తూ నిలబడ్డారు. కుర్చీ లాక్కుని ఆవిడకు ఎదురుగా కూర్చున్నారు. రిమోట్ తీసి టీవీ కట్టేశారు.

"నేను చదివాగా. చెప్పు."

ప్రమోద చెప్పింది. "నిజమే చెప్పాను వాడికి. కెప్టెన్ చచ్చిపోయాడు, ఇది కొత్తది అని. ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. కుర్చీ ఒకటి లాక్కెళ్లి, తొట్టెకు మొహం ఆనించి, దానికి తన గురించి చెప్పుకోవడం మొదలెట్టాడు. తన పేరు, నానమ్మ పేరు, ఏ బస్సులో వస్తారో, ఏ క్లాసో, ఏం తింటాడో. అంతా చెప్పి, 'నౌ యూ నో మీ' అన్నాడు. ఏ చెవి నొప్పో కూడా చెప్పాడు దానికి. ఎడమదట."

"అయితే?"

"నాకు ప్రతిసారీ కుడిది చూపించేవాడు."

రావుగారికి మళ్లీ గొంతు నవ్వే వచ్చింది. ప్రమోదకూ వచ్చింది. ఇద్దరూ చిక్కుడుకాయల మీదికి వంగి, ఒకరినొకరు చూసుకుంటూ, ఆపుకోలేక నవ్వారు.

"ఇది రాసెయ్" అన్నారు ఆయన తేరుకుని. "ఇవాళే రాయి. ఇది లేకుండా అచ్చుకు పంపించను."

"పేజీ పెరుగుతుంది. ప్రెస్సువాళ్లు రేటు పెంచుతారు."

"పెంచనీ."

పెళ్లయ్యాక ఆ మాట ఆయన నోట ఆవిడ వినడం ఇదే మొదలు. ఆ ఊపులో ఉన్నప్పుడే అడిగేద్దామనుకుంది. "మరి ఆ పిల్లకేం చెబుతారు? ఫాంట్‌లో లోపమేమీ దొరకనట్టేనా?"

"దొరక్కేం? ఒకటి దొరికింది. ఏదో మందు పేరు దగ్గర ఒత్తు కిందికి దిగి తగిలింది. ఫొటో తీసి పంపాను. మధ్యాహ్నానికే సరిచేసి పంపింది. థాంక్యూ అంకుల్, మనీ ఎక్కడికి పంపాలి అని కూడా రాసింది."

"మీరేం రాశారు?"

రావుగారు లేచి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "వద్దన్నాను. డబ్బు తీసుకుంటే ఫాంట్ డిలీట్ చెయ్యాలందిగా. నాకింకా సగం పుస్తకం ఉంది చదవాల్సింది."

ఆ మాట ఏదో కరెంటు బిల్లు గురించి చెప్పినట్టు చెప్పేసి ఆయన కిందికి వెళ్లిపోయారు. ప్రమోదకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చిక్కుడుకాయల మీద పడకుండా చీర కొంగుతో తుడుచుకుంది. అప్పటికప్పుడు కాగితాలు తీసుకుని, కొట్టేసిన ఆ చేప సంగతంతా మళ్లీ రాసింది. రాస్తుంటే ఎప్పటిలా నవ్వొచ్చింది. ఈసారి ఒంటరిగా నవ్వుతున్నట్టు లేదు.

రాత్రి వంటయ్యాక మెట్ల దగ్గరికి వచ్చి కేకేసింది. "భోజనానికి రండి, పప్పు చల్లారిపోతోంది."

"వస్తున్నా, ఇదొక్కటీ అయిపోనీ" అని వినిపించింది కిందనుంచి. "ఆ బల్ల కింద దూరినవాడు ఇంకా బయటికి రాలేదు."

ప్రమోద పప్పు గిన్నె మీద మూత పెట్టింది. నెమ్మదిగా వచ్చి పై మెట్టు మీద కూర్చుంది. బల్ల కింద దూరినవాడి కథ ఆవిడకు కంఠతా వచ్చు. వాడు మూడో షరతు పెట్టినప్పుడు చదివేవాళ్లు నవ్వాలి. ఆ వాక్యం కోసం అప్పట్లో నాలుగైదు సార్లు తిరగరాసింది. ఈపాటికి ఆయన రెండో షరతు దగ్గర ఉండి ఉంటారు. పేజీ తిప్పిన చప్పుడైంది. ఆవిడ ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది.

నవ్వు వచ్చింది. ఆవిడ అనుకున్న చోట కాదు, ఇంకా ముందే, మొదటి షరతు కూడా పెట్టకముందే. అక్కడ నవ్వొచ్చేది ఏముంది? ఆవిడకు ఎంత ఆలోచించినా తట్టలేదు. ప్రమోద గబగబా లేచి, ఏముందో చూద్దామని మెట్లు దిగింది.